ఉత్తరపు గోడలో వెడల్పు గడి

లెహ్తోవారా,
5 జూన్ 2016

హెల్వి అత్తయ్యా,

ఇక్కడ నేను క్షేమం, దోమలు అంతకన్నా క్షేమం.

మొన్న ఫోన్లో అరగంట మాట్లాడుకున్నాం, గుర్తుందా? వంటగది కుళాయి మార్చనా అంటే "ఆఁ" అన్నావు. పాత పొయ్యి పీకేయనా అంటే "ఆఁ" అన్నావు. అనుమానం వచ్చి, ఎలుగుబంటిని తెచ్చి ఇంట్లో పెంచుకోనా అన్నాను. "ఆఁ, ఆఁ, మంచిదే, పెంచుకో" అన్నావు. ఆ నేత మిల్లు నీ చెవుల్ని ఎంత తినేసిందో అప్పుడు తెలిసింది. ఇక ఉత్తరాలే రాస్తాను. ఉత్తరమైతే రెండోసారి చెప్పమని అడగక్కర్లేదు, మళ్లీ చదువుకోవచ్చు.

లైబ్రరీ బస్సుకు వేసవి సెలవులిచ్చారు. దాని డ్రైవరమ్మకు, అంటే నాకు, చేతులు ఊరుకోవు కదా. నాన్న పోయి ఈ ఇల్లు నా చేతికొచ్చి రెండేళ్లయినా ఇంతవరకూ ఒక్క మేకు కొట్టలేదు. ఈ వారం ఉత్తరం వైపు చిన్న గది, అదే, స్వీడన్ వెళ్లేదాకా నువ్వు పడుకున్న గది, లోపలి చెక్కలన్నీ ఊడదీశాను. గోడ నిండా తాతయ్య పోసిన రంపపు పొట్టు ఉంటుందనుకున్నాను. ఉంది, కానీ కిటికీ ఎత్తు వరకే! ఇన్నేళ్లలో అది కిందికి దిగి దిగి, పైన గోడంతా ఉత్త గాలి మిగిలింది. అందులో ఎలుకలు పిల్లాపాపలతో కాపురం చేసి వెళ్లిన ఆనవాళ్లున్నాయి. నువ్వు ఉన్ని టోపీ పెట్టుకుని పడుకునేదానివనే మాట వస్తే నాన్న "దానివన్నీ నాటకాలు" అనేవాడు. నాటకం కాదత్తయ్యా. నీ తల దగ్గర గోడే లేదు.

పొట్టంతా గోనెల్లోకి ఎత్తేశాను. దాని బదులు చెక్కనార పలకలు పెడుతున్నాను. చెక్కను నారనారగా విడదీసి, దళసరి పరుపులా ఒత్తి, ముక్కలుగా కోసి అమ్ముతారు. గుంజకీ గుంజకీ మధ్య గడిలో ఒక్కొక్కటీ దూర్చడమే పని. చెమ్మ తగిలితే పీల్చుకుంటుంది, ఆరుబయట ఎండ కాస్తే వదిలేస్తుంది, అందుకే దీనికి ప్లాస్టిక్ వద్దు, లోపలి వైపు మందపాటి కాగితం అంటిస్తే చాలంటున్నారు. ఒక ముక్క ఈ కవర్లో పెట్టాను. వాసన చూడు.

ఒక్క సంగతి మాత్రం అర్థం కావడం లేదు. గోడలో గుంజలన్నీ ఇంచుమించు రెండడుగులకొకటి ఉన్నాయి. నడుమ ఒక గడి మాత్రం మూడడుగులు దాటి ఉంది, సరిగ్గా నీ మంచం తలాపున. తాతయ్య అంత పొరపాటు చేసే మనిషి కాడు కదా? అక్కడ తలుపేమైనా ఉండేదా?

చలికాలానికి గది వెచ్చగా తయారవ్వాలి. ఎందుకని అడక్కు.

నీ మేనకోడలు,
మిర్వ


బోరోస్,
14 జూన్

మిర్వా,

ఎలుగుబంటికి ఒప్పుకున్నానంటే ఒప్పుకున్నట్టే. పేరు మాత్రం నేను పెడతాను.

నీ ముక్క అందింది. కవరు విప్పగానే మన ఊరి రంపపు మిల్లు వాసన గుప్పున కొట్టింది. కళ్లు మూసుకుని మళ్లీ మళ్లీ వాసన చూశాను. తర్వాత దాన్ని ఊరికే ఉండనివ్వలేదులే. మరిగే కాఫీ గిన్నె కింద పెట్టాను, బల్లకు వేడి తగల్లేదు. నీళ్లు చల్లితే తాగేసింది, పొద్దుటికల్లా ఏమీ ఎరగనట్టు ఆరిపోయింది. వేళ్ల మధ్య నొక్కితే నొక్కుకుని మళ్లీ పొంగింది. పక్కింటి ఇన్‌గ్రిడ్ పంచదారకని వచ్చి, నేను చెక్కముక్కకు నీళ్లు పోయడం చూసి, పంచదార అడగకుండానే వెళ్లిపోయింది.

తలుపు సంగతి నాకు తెలియదు. మన ఊళ్లో ఉత్తరం వైపు తలుపు పెట్టుకునే బుద్ధిమంతుడెవడు? జనవరిలో దాన్ని తెరిచినవాడు మళ్లీ మూయడానికి బతికుండాలిగా. అయినా ఇల్లు కట్టినప్పుడు నాకు ఏడేళ్లు. ఆలోచించి రాస్తాను.

ఇక్కడ మా బిల్డింగు పైపులన్నీ మారుస్తారట. అక్టోబరు నెలాఖరుకల్లా అందరూ ఖాళీ చేయాలి. నాకు ఊరి చివర ముసలివాళ్ల బిల్డింగులో ఒక ఫ్లాటు చూపించారు. శుభ్రంగా ఉంది. లిఫ్టు ఉంది. కిటికీలోంచి కార్ల పార్కింగు కనిపిస్తుంది. మీ మామయ్య ఉంటే కార్ల నంబర్లు చూసుకుంటూ కాలక్షేపం చేసేవాడు, నాకా విద్య రాదు. ఇంకా ఏమీ తేల్చుకోలేదు.

ఆ చిన్న గది కిటికీలోంచి ఇప్పటికీ సరస్సు కనిపిస్తుందా, లేక చెట్లు అడ్డం వచ్చేశాయా? ఊరికే అడుగుతున్నాను. గది ఎవరి కోసం వెచ్చగా ఉండాలో అడగొద్దన్నావు కాబట్టి అది మాత్రం అడగను.

మీ అత్త
హెల్వి


లెహ్తోవారా,
27 జూన్

అత్తయ్యా,

సరస్సు కనిపిస్తోంది. రెండు బర్చ్ చెట్లు అడ్డం వచ్చాయి గానీ, ఒకటి కొట్టేస్తే సరిపోతుంది. రెండోది కొట్టను, దాని మీద పిట్టల గూడుంది.

ఇక నా ఘనకార్యం విను. గడులన్నీ టేపుతో వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచి, రొట్టె కోసే పళ్లున్న కత్తితో పలకలు సరిగ్గా అంతే కోశాను. సాయంత్రానికి గోడ నిండింది. చూసి చూసి మురిసిపోయి, కాఫీ పెట్టుకుని, ఆ గోడకెదురుగా కూర్చున్నాను. రెండో గుటక వేశానో లేదో, పైనుంచి ఒక పలక వంగి చూసింది. తర్వాత ఇంకొకటి. నమస్కారం పెట్టినట్టు ఒక్కొక్కటే ముందుకొచ్చి నా మీద పడిపోయాయి. కాఫీలోనూ ముక్కులోనూ నారే.

అప్పుడే పక్కింటి కలెర్వో వచ్చాడు. తాతయ్యతో కలిసి ఈ ఇల్లు కట్టిన విహ్తోరి కొడుకు, నీకు తెలుసుగా. గుమ్మంలో నిలబడ్డాడు. మూడు కప్పులు కాఫీ తాగాడు. జున్ను ముక్కలు ఇస్తే మన వైపు అలవాటు ప్రకారం అవి కూడా కాఫీలో వేసుకు తిన్నాడు. వెళ్లబోతూ, "పెద్దగా" అన్నాడు.

"ఏం పెద్దగా?" అన్నాను.

గోడ వైపు గడ్డం చూపించి వెళ్లిపోయాడు.

ఆ మాట అర్థం కావడానికి నాకు రాత్రంతా పట్టింది. ఎటూ మన జూన్ రాత్రి చీకటి పడదు కాబట్టి నష్టమేమీ లేదు. గడి ఎంతుంటే పలక అంతకన్నా వేలెడు పెద్దగా కోయాలి! నొక్కి దూరిస్తే అది లోపలికెళ్లి పొంగి, గుంజలను పట్టుకుని నిలబడుతుంది. ఇప్పుడు పొమ్మన్నా పోదు. మూలల్లో చిన్న చిన్న ఖాళీలుంటే తునకలు తెంపి చేత్తో కూరుతున్నాను.

ఆ వెడల్పు గడిలో మాత్రం ఏదీ నిలవలేదు, పలక చాలదు. రెండు ముక్కలు పక్కపక్కన పెడితే నడుమ జారిపోతాయి. నేనొకటి ఊహించాను, నవ్వకు. తాతయ్య అక్కడ తలుపు పెట్టి, బయట ఇంకో గది వేయాలనుకున్నాడేమో. అది నీ కోసమేమో. నువ్వు స్వీడన్ వెళ్లిపోవడం వల్ల కట్టలేదేమో.

ఆ గదిలోకి రాబోయే మనిషికి చలి పడదు, అందుకే ఇంత శ్రద్ధగా చేస్తున్నాను. ఫ్లాటు సంగతి నీకు ఎలా తోస్తే అలా చెయ్యి. నేనేం చెప్పగలను? నువ్వు నా మాట విని ఇబ్బంది పడకూడదు.

మిర్వ

తా.క. మధ్య వేసవి మంట ఈసారి వానకు అంటుకోలేదు. అందరం గొడుగులేసుకుని తడి కట్టెల చుట్టూ నిలబడి, పండగైపోయిందనిపించాం.


బోరోస్,
10 జూలై

ఓసి మిర్వా,

మూడు కప్పులా! జున్ను కూడానా!

ఇప్పుడర్థమైంది, గది ఎవరి కోసం వెచ్చగా ఉండాలో. విహ్తోరి కొడుకంటే నాకు నిక్కరు వేసుకున్న పిల్లాడే కళ్లముందు ఉన్నాడు, కానీ లెక్క చూస్తే వాడికీ యాభై దాటే ఉంటాయి. వాళ్లావిడ పోయి చాలా కాలమైందని నువ్వే చెప్పావు ఒకసారి. మంచిదే. మనిషికి మనిషి తోడుండాలి. అయితే కొన్ని సంగతులు ముందే తేల్చుకో. గురక పెడతాడా? సౌనాలో ఆవిరి వేడి ఎక్కువ కావాలంటాడా, తక్కువ కావాలంటాడా? ఇక్కడ తేడా వస్తే సంసారం సాగదు, నా మాట విను. వాళ్ల నాన్నలాగే వీడూ మాటకొక ఏడాది విరామం ఇచ్చే రకమైతే, నువ్వే రేడియో కొనుక్కోవాల్సి వస్తుంది.

నా కోసం తలుపా? మీ తాతయ్యా? ఆయన నాకొక ముద్దు కూడా పెట్టి ఎరగడు. జ్వరమొస్తే గుమ్మం దగ్గర నిలబడి చూసి వెళ్లేవాడు, అదే ఆయన ముద్దు. ఊహలు కట్టిపెట్టి పలకలు కొయ్యి.

ఫ్లాటు మళ్లీ చూసొచ్చాను. సెప్టెంబరు ఐదున సంతకం పెట్టమన్నారు. పెట్టేస్తాను. కొత్త సంసారం మొదలయ్యే ఇంట్లో ముసలివాళ్ల ప్రస్తావన ఎందుకులే. నా గురించి బెంగ పెట్టుకోకు. పార్కింగు చూస్తూ కూడా మనుషులు బతుకుతున్నారు.

ఆ బర్చ్ చెట్టు కొట్టకు. ఇప్పుడు దాని అవసరం లేదు.

హెల్వి


లెహ్తోవారా,
1 ఆగస్టు

అత్తయ్యా,

నీ ఉత్తరం చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ముందు నవ్వాను. కలెర్వోకు చూపించలేదు, చూపిస్తే రేపటినుంచి మా గేటు దరిదాపులకు రాడు. ఆ గదిలోకి వచ్చే మనిషి అతను కాదు. అతని ఇల్లు అతనికుంది, గురక సంగతి నాకు తెలియదు.

చెట్టు అప్పటికే కొట్టేశాను. ఇప్పుడు కిటికీలోంచి సరస్సు నిండుగా కనిపిస్తోంది. "ఇప్పుడు దాని అవసరం లేదు" అన్నావు, ఆ మాట అర్థం కాలేదు.

సంతకం పెడతానన్నావు. అంటే ఫ్లాటు నీకు నచ్చినట్టే. మంచిదే. ఇక్కడొక లైను రాసి కొట్టేశాను, పట్టించుకోకు.

గోడలో ఇంకో వింత కనిపించింది. సరస్సు వైపు మూల నుంచి గుంజల మధ్య దూరం అన్ని చోట్లా ఒకటే. రోడ్డు వైపు మూల నుంచి కూడా అన్ని చోట్లా ఒకటే. కానీ ఆ దూరం వేరు, ఈ దూరం వేరు! నాలుగు వేళ్ల తేడా ఉంది. మేకులు కూడా వేరు. ఇటువి నలుచదరం తలలు, అటువి గుండ్రం తలలు. రెండూ వచ్చి కలిసే చోటే ఆ వెడల్పు గడి. అంటే తలుపు కాదన్నమాట. మరేమిటి? ఒకే గోడ రెండు రకాలుగా ఎలా కట్టారు?

మిగతా గోడంతా అయిపోయింది. కాగితం అంటించి, అతుకుల మీద పట్టీలు వేసి, చెక్కలు కొట్టేశాను. ఆ ఒక్క గడీ తెరిచి ఉంచాను. అందులోంచి సన్నగా గాలి వస్తోంది. నువ్వు చెప్పేదాకా దాన్ని మూయాలని లేదు.

మిర్వ


బోరోస్,
21 ఆగస్టు

మిర్వా,

నువ్వు కొట్టేసిన లైనును దీపం ముందు పెట్టి చూశాను, కిటికీకి ఆనించి చూశాను, వెనక్కి తిప్పి చూశాను. కొట్టివేయడం కూడా మేకు కొట్టినంత గట్టిగా కొట్టేశావు. ఒక్క అక్షరం దక్కలేదు.

కానీ నీ మేకులు నాకు అన్నీ గుర్తు తెప్పించాయి. నలుచదరం తలల మేకులు మా నాన్న ఓస్కరివి, పాత పడవ విప్పి దాచుకున్నవి. గుండ్రం తలలవి విహ్తోరి కొనుక్కొచ్చినవి. ఆ వేసవి నాకప్పగించిన పని ఇద్దరికీ కాఫీ మోయడం. నాన్న సరస్సు మూల నుంచి మొదలుపెట్టాడు. విహ్తోరి రోడ్డు మూల నుంచి మొదలుపెట్టాడు. ఎవరి కొలకర్ర వాళ్లది. యుద్ధంలో ఒకే గుంటలో పడుకున్నవాళ్లు, ఒకరి కోసం ఒకరు ప్రాణమిచ్చేవాళ్లు. కానీ "నీ కర్ర పొడవెంత?" అని ఒకరినొకరు అడగలేదు. అడిగితే, నీ పని మీద నాకు నమ్మకం లేదని చెప్పినట్టు అవుతుందని.

గుంజలు పెట్టుకుంటూ ఇద్దరూ నడుమకొచ్చారు. నేను కాఫీ పట్టుకుని అక్కడే నిలబడ్డాను. మధ్యలో మూడడుగుల పైన ఖాళీ ఉంది. ఇంకో గుంజ పడాలి. అది ఎవరు పెట్టాలి? నాన్న, అది విహ్తోరి వంతు, నేను పెడితే చిన్నబుచ్చుకుంటాడు అనుకున్నాడు. విహ్తోరి, ఇల్లు ఓస్కరిది, ఆయన గోడలో నేనెలా చేయిపెట్టను అనుకున్నాడు. ఇవి వాళ్లు చెప్పిన మాటలు కావు, వాళ్లేమీ చెప్పలేదు. ఆ ఖాళీ వైపు చూస్తూ ఇద్దరూ కాఫీ తాగారు. విహ్తోరి "వాన వచ్చేలా ఉంది" అన్నాడు. నాన్న "ఊఁ" అన్నాడు. మర్నాడు చెరొక వైపు నుంచి చెక్కలు కొట్టుకుంటూ వచ్చి ఆ ఖాళీని మూసేశారు. నడుమ ఆనడానికి గుంజ లేక ఆ చెక్కలు మొదటి చలికాలానికే వంగి సందులిచ్చాయి.

మా అమ్మ ఆ సాయంత్రం కనిపెట్టింది. "ఇదేమిటి, ఒక గుంజ తక్కువైంది కదా?" అంది. "విహ్తోరిని అడుగు" అన్నాడు నాన్న. అమ్మ కూడా అడగలేదు.

కాబట్టి ఉత్తరం గాలి పద్నాలుగేళ్లపాటు నా చెవుల్లో ఊదింది ఇద్దరు మంచివాళ్ల మొహమాటం వల్ల. ఇది రాస్తూ కడుపుబ్బ నవ్వాను. ఇన్‌గ్రిడ్ అవతలినుంచి గోడ మీద కొట్టింది కూడా. తర్వాత నవ్వు ఆగింది. నీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టి మళ్లీ చదివాను. "ఎందుకని అడక్కు." "నీకు ఎలా తోస్తే అలా." "రాబోయే మనిషి." తర్వాత నేను రాసినవి గుర్తుచేసుకున్నాను. "ఊరికే అడుగుతున్నాను." "బెంగ పెట్టుకోకు." నువ్వు ఒక మూల నుంచి వస్తున్నావు, నేను ఒక మూల నుంచి వస్తున్నాను. ఇద్దరం నీళ్లు నములుతూ మధ్యలో ఖాళీ పెట్టుకున్నాం. నాకు డెబ్బై రెండేళ్లు. వాన వచ్చేలా ఉందని చెప్పి తప్పించుకునే టైము లేదు.

అడుగుతున్నాను. ఆ గది నా కోసమేనా?

కాకపోతే కాదని ఒక్క ముక్క రాసెయ్యి. ఏమీ అనుకోను. అబద్ధం, అనుకుంటాను, కానీ బతుకుతాను. నాకు మాత్రం రావాలని ఉంది. నువ్వు పంపిన ఆ చెక్కముక్క వాసన చూసినప్పటినుంచీ ఉంది.

సంతకం ఐదో తారీఖున.

హెల్వి

తా.క. ఆ గడిలో పలకను నిలువుగా కాదు, అడ్డంగా పెట్టు. పొడవు వైపు వెడల్పుకు సరిపోతుంది. మిల్లులో గుడ్డ పన్నా చాలనప్పుడు మేం చేసేది అదే. వేలెడు పెద్దగా కొయ్యడం మర్చిపోకు.


లెహ్తోవారా,
29 ఆగస్టు

అత్తయ్యా,

నీ ఉత్తరం పోస్టు డబ్బా దగ్గరే నిలబడి చదివాను. చదివి అక్కడే రోడ్డు పక్కన కూర్చుని ఏడ్చాను. కలెర్వో ట్రాక్టరు మీద వెళ్తూ చూసి, ఆపి, ఏమీ అడక్కుండా చేతిగుడ్డ ఇచ్చి వెళ్లాడు. అతని తప్పు కాదు, వాళ్ల నాన్న పోలిక.

నీ కోసమే. మొదటి మేకు ఊడదీసిన రోజునుంచీ నీ కోసమే. నేను కొట్టేసిన లైను "నువ్వు వస్తే బాగుండును" అని. మామయ్య జ్ఞాపకాలన్నీ అక్కడే ఉన్నాయి కదా, రమ్మంటే నా కోసమని కాదనలేక వస్తావేమో, వచ్చి బాధపడతావేమో అని కొట్టేశాను. ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను అత్తయ్యా. నాకు నువ్వు కావాలి. వచ్చెయ్యి.

అడ్డంగా పెట్టాను. మూడు పలకలు, ఒకదాని మీద ఒకటి, వేలెడు పెద్దగా. మోకాలితో నెట్టి, భుజంతో నెట్టి, చివరికి వీపు ఆనించి నెట్టాను. లోపలికి వెళ్లి పట్టుకున్నాయి. చెవి ఆనించి విన్నాను. గాలి లేదు. నీ మంచం తలవైపు అక్కడే వస్తుంది. టోపీ తెచ్చుకో, కానీ బయటికి వెళ్లేటప్పుడు పెట్టుకోవడానికి.

ఈ ఉత్తరం ఐదో తారీఖులోగా అందుతుందో లేదోనని భయం పట్టుకుంది. అందుకని ఇది డబ్బాలో వేసి రాగానే ఫోన్ చేస్తాను. గొంతు చించుకుని ఒక్కటే మాట అడుగుతాను, మన ఇంటికి వచ్చేస్తావా అని. నువ్వు ఎప్పటిలాగే "ఆఁ" అంటావు. అది ఎలుగుబంటికి చెప్పిన "ఆఁ" లాంటిదో కాదో నాకెలా తెలుస్తుంది? దయచేసి రాసి పంపు.

మిర్వ


బోరోస్,
6 సెప్టెంబరు

మిర్వా,

నీ ఉత్తరం ఇవాళే అందింది. నిన్న సంతకం పెట్టలేదు. ఆఫీసు అమ్మాయి ఎందుకని అడిగితే, సరస్సు కనిపించదని చెప్పాను.

నా మంచం నీ గదికి కాస్త పెద్దది. నొక్కి దూర్చు. కుట్టుమిషను, కాఫీ గిన్నె, మీ మామయ్య ఫొటో తెస్తున్నాను. సౌనాలో వేడి ఎక్కువ తగిలే పై మెట్టు నాది. కలెర్వో ఇన్ని కప్పులు కాఫీ దేనికి తాగుతున్నాడో నేనొచ్చాక నేనే అడుగుతాను, మీ ఇద్దరి వల్లా అయ్యే పని కాదది.

ఇక ఫోను సంగతి. ఆ రోజు నువ్వు ఏమని అరిచావో ఇన్‌గ్రిడ్‌కు కూడా వినపడింది, గోడ కొట్టింది. నేను "ఆఁ" అన్నాను.

వినే అన్నాను.

మీ అత్త